అచ్చమ్మ ఊడ్చిన గీత

ఏటికి వంతెన లేని రోజులు. కొండకి బాట లేని రోజులు. పులి ఎదురుపడితే మనిషి దండం పెట్టి పక్కకి తప్పుకునేవాడు, పులి కూడా మర్యాదగా తన దారిన తను పోయేదట. నిజమేనా అని నన్నడిగితే లాభం లేదు, పులినే అడగాలి. అదిగో, ఆ రోజుల నాటి కథ ఇది. ఊఁ కొట్టేవాళ్ళు దగ్గరికి జరగండి. కునుకు తీసేవాళ్ళు గోడవారకి పోండి, గురక మాత్రం పెట్టకండి.

గోదారికి ఎగువన, కొండల మడతల్లో, ఊటగొంది అని ఒక కొండరెడ్ల ఊరు. ఊరంటే మరీ పెద్ద ఊరనుకునేరు. ఈ చివర తుమ్మితే ఆ చివర 'చిరంజీవ' అనేవాళ్ళు. అంతే ఊరు.

ఆ ఊరికి మూడు అడవులు.

కొండ కింద ముళ్ళడవి. రేగు, బలుసు, చండ్ర, తుమ్మ. అక్కడ నేల గట్టి, నీళ్ళు తక్కువ. అందుకని ఆకులు చిన్నవి, ముళ్ళు పెద్దవి. మేకలకి అదే లోకం. కంచెకి కంప కావాలన్నా, పొయ్యిలోకి పుల్ల కావాలన్నా అక్కడికే పోవాలి.

కొండ నడుమ ఆకురాలే అడవి. టేకు, మద్ది, వేగిస, తునికి, వెదురు, ఇప్ప. వానాకాలంలో అందులో దూరితే పక్కనున్న మనిషి కనపడడు. ఎండలు ముదిరేసరికి ఉన్న ఆకంతా దులిపేసుకుని నిలబడుతుంది. తాగడానికి నాకే నీళ్ళు లేవు, మీకెక్కడ పొయ్యను అని ఆకుల్ని పంపించేస్తుందన్నమాట.

కొండ పైన పచ్చలోవ. లోవ అంటే లోయే. రెండు బండల మధ్య ఒక ఇరుకు సందు ఉంటుంది, దాన్ని ఊళ్ళో 'మెడ' అనేవారు. ఆ మెడ దాటితే లోవ. అక్కడ ఆకు రాలినా రాలినట్టు తెలియదు, పాతది పడేలోపు కొత్తది వచ్చేస్తుంది. పనస, నేరేడు, అడవిమామిడి, జీలుగు. చెట్టుచెట్టుకీ తీగ, రాతిరాతికీ నాచు. నడివేసవిలో కూడా కాళ్ళ కింద నేల మెత్తగా, చల్లగా ఉండేది. ఆ నేలలోంచే ఊట. అది కిందకి దిగి, నడిమి అడవి దాటి, ఊరి పక్కనుంచి పారి, ముళ్ళడవిలో మేకలకి ఆఖరి గుక్క ఇచ్చి అక్కడ ఇంకిపోయేది. ఊటగొందిలో పుట్టిన ప్రతి బిడ్డా తల్లి పాల తర్వాత తాగింది ఆ నీళ్ళే.

మూడు అడవులూ అయ్యాయి. ఇక ఊరి కట్టుబాటు చెప్పాలి.

'పొయ్యికో ఇప్ప.' ఇదీ కట్టుబాటు. ఊళ్ళో ఎన్ని పొయ్యిలో అన్ని ఇప్పచెట్లు. పెళ్ళయ్యాక కొత్త జంట వేరు కాపురం పెట్టాల్సిందే, దానికి ఊరిపెద్ద, అంటే పెద్దకాపు, వాళ్ళకో చెట్టు చూపించి, గొడ్డలితో చిన్న గాటు పెట్టాలి. ఆ చెట్టు పూలు వాళ్ళవి, ఆ గింజల నూనె వాళ్ళది. పోడు పండని ఏడు ఇప్పపూలే అన్నం మరి. చెట్టు లేని కాపురం పస్తులుంటుందని పెద్దల భయం. అందుకే చెట్టు లేకపోతే పొయ్యి పెట్టనిచ్చేవారు కాదు. ఆ జంట మూట కట్టుకుని, కొండ దాటి, చెట్టున్న ఊరు వెతుక్కోవలసిందే.

ఇంకో అలవాటు కూడా ఉంది. అసలు తిరకాసంతా ఇందులోనే ఉంది, కాస్త చెవిన వేసుకోండి. ఇప్పపువ్వు తెల్లారుజామున రాలుతుంది. ఎండుటాకుల్లో పడితే ఏరుకోలేక నడుం పడిపోతుంది. అందుకని పూలకి ముందే చెట్టు కింద ఆకుకి నిప్పు పెట్టేవారు. ఆకు బూడిదై నేల నల్లగా తేలుతుంది. నల్లటి నేల మీద పాలరంగు పూలు ఎంత దూరానికైనా కనపడతాయి. ముసలివాళ్ళు కూడా కూర్చున్నచోటే బుట్ట నింపేస్తారు. తాత కాల్చాడు, తండ్రి కాల్చాడు, కొడుకు కాల్చాడు. ఏటా ఒక రోజు అనుకుని, పెద్దకాపు పొయ్యిలోంచి తలా ఒక కొరివి పట్టుకెళ్ళి, డప్పులు కొట్టుకుంటూ అందరూ ఒక్కసారే కాల్చేవారు. కొరివి పండగ అనేవారు దాన్ని.

ఇక మన అచ్చమ్మ. పేద మనిషి. నోట్లో నాలుక లేని మనిషి. మొగుడు మన్యం జ్వరంతో పోయాడు. ఇద్దరాడపిల్లలు, పెద్దది గంగి, చిన్నది చుక్కి. మెడకి ఒక కేక దూరంలో ఆమె ఇప్పచెట్టు. ఒక గుడిసె, ఒక పొయ్యి, ఒక చెట్టు. అంతకు మించి ఆమెకంటూ ఏమీ లేదు.

గంగికి ఊళ్ళోనే పిల్లాడు కుదిరాడు. అచ్చమ్మ పెద్దకాపు పోశిరెడ్డి ఇంటికి వెళ్ళి అరుగు కింద నిలబడింది. పోశిరెడ్డి ఆమెకి మరిది వరస.

"మరిదీ, పిల్లకో చెట్టు చూపించు."

"ఎక్కడుంది వదినా చెట్టు? ఉన్నవన్నీ గాట్లు పడినవే. నిరుడు గాలికి రెండు పోయాయి. నేనేం మొలిపించగలనా?"

గంగి మూట కట్టుకుని మొగుడి వెంట కొండ దాటిపోయింది. మళ్ళీ ఒక్కసారే వచ్చింది, కొత్త పంట తినే కొత్తల పండక్కి, చంకలో బిడ్డతో. ఆ బిడ్డ అమ్మమ్మని చూసి గుక్కపట్టి ఏడ్చాడు, ఎవరో అనుకుని. అచ్చమ్మకి ఆ ఏడుపు గుండెలో ముల్లై దిగింది. మోకాలెత్తున్న చుక్కిని ఒళ్ళోకి లాక్కుని, "దీన్ని మాత్రం కొండ దాటనివ్వను," అనుకుంది. ఇదే ఆమె కోరిక. బతుకంతా ఆమె అడిగింది ఈ ఒక్కటే.

కోరిక బాగానే ఉంది. చెట్టేదీ?

మళ్ళీ వెళ్ళి పోశిరెడ్డిని అడిగింది. "మరిదీ, ముసలి చెట్లు పడిపోతున్నాయి సరే. పిల్లచెట్లేవి?"

"అది కొండదేవతని అడగాలి వదినా," అన్నాడు పోశిరెడ్డి, తప్పించుకోవడానికి.

అచ్చమ్మ దేవతని అడగలేదు. చెట్టు కిందకి వెళ్ళి చూసింది. వానలు పడ్డాక చూస్తే తన చెట్టు చుట్టూ ఇప్పమొలకలే, అడుగుపెట్టడానికి చోటు లేదు. ఆహా అనుకుంది. వేసవి వచ్చింది, కొరివి పండగ వచ్చింది, తనే కొరివి పట్టుకెళ్ళి కాల్చింది. మర్నాడు పూలకి వెళ్తే మొలకల చోట నల్లటి పుల్లలు. బుట్ట పక్కన పడేసి అక్కడే చతికిలపడింది. "పుట్టించడానికి దేవతకేం లోటు లేదు. కాల్చేది మనమే. నా పిల్లని కొండ దాటించింది నా చేతిలో కొరివే," అని తల బాదుకుంది.

మరుసటి ఏడు కొరివి పండగ. అందరూ వరసగా నిలబడ్డారు. అచ్చమ్మ వంతు వచ్చింది. ఆమె చెయ్యి చాపలేదు.

"నాకొద్దు మరిదీ. నా చెట్టు కింద నేను ఊడ్చుకుంటాను."

ఊరంతా ఘొల్లుమంది. వాళ్ళందర్లోకీ గట్టిగా నవ్వింది పక్కింటి గవరమ్మ. నవ్వడంలో గాని, తిట్టడంలో గాని గవరమ్మ తర్వాతే ఎవరైనా. "ఏంటొదినా, అడవిని ఊడుస్తావా? ఊడ్చి కళ్ళాపి కూడా చల్లుతావా? ముగ్గు నేనొచ్చి పెడతాలే!"

అచ్చమ్మ ఏమీ అనలేదు. చీపురు తీసుకుంది.

వెదురు కొమ్మల చీపురు. చర్రు చర్రు మని ఊడ్చింది. చెట్టు కిందంతా శుభ్రం చేసింది. కానీ పక్క చెట్టు కింద గవరమ్మ పెట్టిన నిప్పు ఆకు పట్టుకుని పాకుతూ వచ్చింది. పక్కనున్న మొలకలన్నీ మాడిపోయాయి.

రెండో ఏడు చెట్టు చుట్టూ దూరంగా ఒక గీత ఊడ్చింది, నిప్పు దాటకుండా. గీత సన్నం, గాలి గట్టి. మంట ఒక్క గెంతు గెంతింది. మొలకలు మళ్ళీ పోయాయి.

"ఇంక చాల్లే వదినా," అంది గవరమ్మ, ఈసారి నవ్వకుండా.

అచ్చమ్మ ఏమీ అనలేదు. చీపురు తీసుకుంది.

మూడో ఏడు మనిషి అడ్డంగా పడుకుంటే పట్టేంత వెడల్పున గీత ఊడ్చింది. ఆకే కాదు, పుల్లా పుడకా ఏరేసి, గడ్డి పీకేసి, ఎర్రమట్టి కనపడేదాకా ఊడ్చింది. ఆ రోజు మంట వచ్చి, గీత అంచున ఆగి, తినడానికేమీ దొరక్క అక్కడే చచ్చింది. లోపల మొలకలు పచ్చగా నిలిచాయి. వాటిని దుప్పులు కొన్ని కొరికాయి, చెదలు కొన్ని తిన్నాయి. ఒక్కటి బతికింది. దాని చుట్టూ ముళ్ళకంప కట్టి, "ఇది నీ చెట్టే," అని చుక్కికి చూపించింది. చుక్కి పక్కన నిలబడి కొలుచుకుంది. అప్పటికి చుక్కే పొడుగు.

ఏళ్ళు పోయాయి. చెట్టు చుక్కి భుజం దాటింది, తల దాటింది, చెయ్యెత్తినా అందనంత అయింది. అచ్చమ్మ ఏటా గీత ఊడ్చింది. ఊరు ఏటా కాల్చింది. ఈలోపు చుక్కికీ అదే ఊరి సింగన్నకీ మనసు కలిసింది. నీళ్ళకని వెళ్ళిన పిల్ల ఎంతకీ రాకపోతే తల్లికి తెలియదా? అచ్చమ్మ పోశిరెడ్డి దగ్గరికి వెళ్ళింది. పోశిరెడ్డి మనసు మంచిదే, మాటకి మాత్రం కట్టుబడి ఉంటాడు.

"ఆ చెట్టు ఏ ఏడు పూస్తే ఆ ఏడు గాటు పెట్టి, చుక్కి పొయ్యికి నేనే రాయి వేస్తాను వదినా. నా మాట," అన్నాడు.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. పోడు ఎండిపోయింది. ఊట సన్నబడింది. పచ్చలోవలో కూడా నేల గరగరలాడింది, నాచు బూడిదరంగుకి తిరిగింది. అలాంటి ఏడు, చూడండి మరి దాని తమాషా, చుక్కి చెట్టు కొమ్మల చివర మొగ్గ వేసింది. చుక్కి ఊరంతా పరిగెత్తి చెప్పింది. సింగన్న అప్పుడే గుడిసెకి వాసాలు కొట్టుకొచ్చాడు. అచ్చమ్మ ఆ రోజు కడుపునిండా నవ్వింది. ఆమె అలా నవ్వడం ఊళ్ళో చాలామంది చూడనే లేదు.

కానీ ఆమెకి లోపల ఒక బెంగ. కొరివి పండగ ముందు వెళ్ళి చెప్పింది.

"మరిదీ, ఈ ఒక్క ఏడూ కొరివి ఆపించు. లోవ కూడా ఎండి ఉంది. నడిమి అడవి కాలినా వేర్లోంచి మళ్ళీ చిగురు పెడుతుంది, దానికది అలవాటే. ముళ్ళడవి సంగతి సరే, దానికి పోయేదేముంది. లోవకి నిప్పంటే తెలియదు. ఒక్కసారి కాలితే మళ్ళీ రాదు."

పోశిరెడ్డి ఖాళీ గాదె వైపు చెయ్యి చూపించాడు. "ఈ ఏడు తిండి గింజ లేదు వదినా. పూలే ఉన్నాయి. ఒక్క పువ్వు ఆకుల్లో పోయినా పిల్లల కడుపులో పోయినట్టే. ఊడుస్తూ కూర్చుంటే ఎప్పటికయ్యేను? పస్తులున్న ఒళ్ళు చీపురు పడుతుందా?"

అది కూడా తప్పు మాట కాదు. అచ్చమ్మ ఇంటికి తిరిగి వచ్చి చీపురు కట్టు బిగించుకుంది.

కొరివి పండగ వచ్చింది. పొద్దున్నే కాల్చారు. మొదట బాగానే కాలింది. ఎండెక్కేసరికి కిందనుంచి గాలి లేచింది. ఆ గాలికి మంటలన్నీ కలిసిపోయి, ఒక్క మంటై, కొండెక్కడం మొదలుపెట్టింది. మగవాళ్ళు పచ్చికొమ్మలు విరిచి బాదారు. బాదినచోట ఆరింది, పక్కన లేచింది. వెదుళ్ళు ఫట్ ఫట్ మని పేలుతుంటే డప్పులవాళ్ళు డప్పులు వదిలేసి పరిగెత్తారు.

అచ్చమ్మ చీపురుతో పైనే ఉంది, చుక్కితో. తన గీత ముందురోజే ఊడ్చింది. కానీ ఈ గాలికి చెట్లు ఆకులన్నీ ఒక్కసారే దులిపేశాయి. గీత మీద మళ్ళీ మోకాలి లోతు ఆకు. అటు చూస్తే మొగ్గ వేసిన చెట్టు. ఇటు చూస్తే మెడ, ఆ రెండు బండల మధ్య సందు. అక్కడా ఆకు మేట వేసి ఉంది. మెడ దాటితే లోవే.

రెండూ ఊడ్చే వ్యవధి లేదు.

"అమ్మా, మన చెట్టు! రా, రా!" అని చుక్కి చెయ్యి పట్టుకుని లాగింది.

అచ్చమ్మ కదల్లేదు. చెట్టు వైపు చూసింది. మొగ్గలు చూసింది. కాళ్ళు అటే వెళ్తానంటున్నాయి. ఆమె మెడ వైపు తిరిగింది.

"అమ్మా! నీకేమైనా మతి పోయిందా? చెట్టు పోతే నేను కొండ దాటిపోవాలి!"

"పోతావే," అంది అచ్చమ్మ. "పోయినా ఎక్కడో అక్కడ బతికుంటావు. ఊట పోతే ఊరు ఊరంతా మూట కట్టాలి. చీపురు పట్టు."

అచ్చమ్మ నడుం వంచింది. మెడకి అడ్డంగా ఊడవడం మొదలుపెట్టింది. చర్రు, చర్రు. చుక్కి ఏడుస్తూనే వేగిస కొమ్మ విరిచి తల్లి పక్కన నిలబడింది. పొగలోంచి గవరమ్మ వచ్చింది, ఊపిరాడక దగ్గుతూ, తిట్టుకుంటూ, చేతిలో చేట. చేటతోనే ఆకు ఎత్తిపోసింది. ఇంకో ఇద్దరొచ్చారు. చేతులు బొబ్బలెక్కాయి. ఎర్రమట్టి కనపడింది. ఆ బండనుంచి ఈ బండదాకా మట్టి కనపడేసరికి మంట మొహం మీదకి వచ్చేసింది. అందరూ వెనక్కి దూకారు.

మంట గీత అంచుకి వచ్చింది. అటు తిరిగింది, ఇటు తిరిగింది. బండలే తగిలాయి. కాసేపు బుసకొట్టి అక్కడే చచ్చింది.

ముదురు ఇప్పలు మందపాటి బెరడుతో తట్టుకున్నాయి, లేత బెరడున్న చుక్కి చెట్టు మాత్రం మొదలంటా కాలిపోయింది. మొగ్గలు కాదు కదా, కొమ్మలు కూడా మిగల్లేదు.

ఆ తర్వాత చుక్కి తల్లితో మాట్లాడటం మానేసింది. అంబలి పెడితే తినేది, పిలిస్తే పలికేది కాదు. అచ్చమ్మ అడగనూ లేదు, బతిమాలనూ లేదు. పొగ పట్టిన గుండెతో దగ్గుకుంటూ చుక్కి కోకలన్నీ ఉతికి మడత పెట్టింది, మూటకి. కట్టుబాటు కట్టుబాటే కదా. మడతపెట్టిన కోకని మళ్ళీ విప్పి మళ్ళీ మడతపెట్టేది, పని తొందరగా అయిపోకూడదని.

ఒక పొద్దున చుక్కి నీళ్ళకి లోవలోకి వెళ్ళింది. ఊట దగ్గర ఎవరో ఆడమనిషి, మట్టికొట్టుకున్న కాళ్ళతో, దోసిళ్ళతో ఎత్తి తాగుతోంది, ఎంత తాగినా ఆపదు. పక్కన రెండు కుండలు, ఎదిగిన పిల్లాడు ఒకడు. ఆమె తల ఎత్తింది. గంగి!

"అక్కా! కుండలు పట్టుకుని కొండ దాటి వచ్చావా?"

"రాక చస్తానా? మా వైపు ఊటలన్నీ ఎండిపోయాయి. మా లోవ ఎప్పుడో కాలిపోయిందే. కాలిన ఏడు ఏమీ తెలియలేదు. తర్వాత తర్వాత నీళ్ళు సన్నబడ్డాయి. ఇప్పుడక్కడ రేగుముళ్ళు మొలిచాయి. ఇక్కడ నీళ్ళున్నాయని ఎవరో చెప్తే నమ్మలేదు. అమ్మ బాగుందా?"

చుక్కి కుండ అక్కడే వదిలేసి ఇంటికి పరిగెత్తింది. గుమ్మంలో కూర్చుని దగ్గుతున్న తల్లి ఒళ్ళో తల పెట్టేసింది. "అక్కొచ్చిందే అమ్మా. మన నీళ్ళకి వచ్చింది," అంది. తల్లీ కూతుళ్ళిద్దరూ ఏడ్చారు. గంగితో వెనకే వచ్చిన మనవడు ఈసారి అమ్మమ్మని చూసి ఏడవలేదు.

ఆ కబురు ఊరంతా పాకింది. పోశిరెడ్డి పదిమందిని కూర్చోబెట్టాడు. "చుక్కి సంగతేం చెయ్యాలి? చెట్టు లేదు. మాటిచ్చాను," అన్నాడు.

గవరమ్మ లేచింది.

"చెట్టు లేకపోవడమేంటి? నా చెట్టు లేదూ? దాని మీద రెండో గాటు పెట్టండి. ఇద్దరం ఏరుకుంటాం."

"ఒక చెట్టుకి రెండు పొయ్యిలా? ఎప్పుడైనా విన్నామా?" అన్నాడు పోశిరెడ్డి.

"ఊళ్ళో అందర్నీ కాల్చుకు తినబోయాం, అది మాత్రం ఎప్పుడైనా విన్నావా?" అని గవరమ్మ విరుచుకుపడింది. "అది మన ఊట కోసం బిడ్డ చెట్టు వదులుకుంది. నేను సగం పూలు వదులుకోలేనా? నా కడుపేమైనా ధాన్యపు గుమ్మి అనుకున్నారా నిండకపోవడానికి?"

పోశిరెడ్డి గొడ్డలి తీసుకుని వెళ్ళి గవరమ్మ చెట్టు మీద రెండో గాటు పెట్టాడు. చుక్కి పొయ్యికి తనే రాయి వేశాడు. అచ్చమ్మ మడతపెట్టిన కోకలు మూట కట్టలేదు. రెండు గుమ్మాల అవతలకి చేత్తో పట్టుకెళ్ళి ఇచ్చింది.

వానలు పడ్డాక కాలిన ఇప్ప మొదలులోంచి మూడు చిగుళ్ళు లేచాయి.

అచ్చమ్మ గుండెలో పట్టిన పొగ మాత్రం వదల్లేదు. ఆ తర్వాత రెండు వేసవులు దగ్గుకుంటూనే మెడ ఊడ్చింది. ఊరు కొరివి తగ్గించింది గాని మానలేదు. అలవాటు అంత తేలిగ్గా చస్తుందా? మూడో వేసవికి అచ్చమ్మ మంచం దిగలేకపోయింది. ఆకు రాలడం మొదలైంది. పడుకున్నచోటునుంచే ఆ చప్పుడు వినేది.

"చుక్కీ, మెడ ఊడ్చారా?"

"రేపు ఊడుస్తాం అమ్మా." ఇంట్లో పసిబిడ్డ, చేతినిండా పని.

మర్నాడు మళ్ళీ. "చుక్కీ, ఊడ్చారా?"

"పెద్దకాపు చెప్పనీ అమ్మా, అందరం కలిసి వెళ్తాం."

మూడోసారి అడిగినప్పుడు అచ్చమ్మ గొంతు సరిగ్గా వినపడలేదు. చుక్కి వంగి చెవి దగ్గర పెట్టి వింది. "ఊడ్చారా?"

చుక్కి తల్లి మొహం చూసింది. "ఊడ్చామమ్మా. ఆ బండనుంచి ఈ బండదాకా."

"మట్టి కనపడిందా?"

"కనపడింది. ఇంక పడుకో."

అచ్చమ్మ అమ్మయ్య అనుకుంది. కళ్ళు మూసుకుంది. మళ్ళీ తెరవలేదు.

ఊరంతా వచ్చింది. ఆడవాళ్ళు శోకాలు మొదలుపెట్టారు. చుక్కి ఏడవలేదు. లేచి, తల్లి మంచం కింద నుంచి ఆ వెదురు చీపురు తీసుకుని బయటికి నడిచింది. చావు ఇంట చీపురు ముట్టడం ఆ ఊళ్ళో దోషం. అందరూ ముక్కున వేలేసుకున్నారు.

"ఓసి, తల్లిని అక్కడ పెట్టుకుని ఎక్కడికే?" అన్నాడు పోశిరెడ్డి.

"అమ్మకి అబద్ధం చెప్పాను చిన్నాన్నా," అంది చుక్కి. అప్పుడు వచ్చింది ఏడుపు. "ఊడ్చామని చెప్పాను. నమ్మి పడుకుంది. అమ్మని ఇంట్లోంచి ఎత్తేలోపు అది నిజం చెయ్యాలి. అడ్డం రాకండి."

ఎవరూ అడ్డం రాలేదు. గవరమ్మ కొంగు బిగించి తన చీపురు తెచ్చుకుంది. ఆమె వెనక ఇంకొకరు, వాళ్ళ వెనక ఇంకొకరు. పుట్టి బుద్ధెరిగాక చీపురు పట్టని మగాళ్ళు కూడా కొమ్మలు విరుచుకుని నడిచారు. పెద్దకాపు పోశిరెడ్డి వంగి ఊడుస్తుంటే నవ్వేవాళ్ళే లేరు. ఆ బండనుంచి ఈ బండదాకా ఊడ్చారు. ఎర్రమట్టి కనపడింది.

అప్పుడు వెళ్ళి అచ్చమ్మని ఎత్తారు. ఆ గీత పక్కనే, లోవ చల్లదనం తగిలేచోట పూడ్చారు. చుక్కి మట్టి మీద చెయ్యి పెట్టి, "ఊడ్చామమ్మా. పడుకో," అంది.

ఆ రోజుతో ఊటగొందిలో కొరివి పండగ పోయింది. చీపురు పండగ వచ్చింది.

ఇప్పటికీ అక్కడ ఇప్ప మొగ్గ వెయ్యగానే ఇంటికో చీపురు కొండెక్కుతుంది. చెట్ల కింద ఊడుస్తారు, నిప్పు పెట్టరు. మెడ దగ్గర అడ్డంగా గీత ఊడుస్తారు, దాని పేరే అచ్చమ్మ గీత. కొత్తకోడలు వస్తే మొదటి చీపురు దెబ్బ ఆమెది. పిల్లచెట్లకి లోటు లేదు. చెట్టు లేదని కొండ దాటిన జంట ఆ తర్వాత ఒక్కటీ లేదు. కాలిన మొదలు నుంచి లేచిన మూడు చిగుళ్ళూ మూడు మానులయ్యాయి. ఆ చెట్టు మీద మాత్రం ఎవరి గాటూ ఉండదు. దాని పూలు నీళ్ళకోసం కొండ దాటి వచ్చినవాళ్ళవి, వాళ్ళు ఎవరైనా సరే.

ఊడవడం అయిపోయాక అందర్లోకీ పెద్ద ముత్తవ్వ ముందుకు వచ్చి ఆ మట్టి మీద చెయ్యి పెడుతుంది. గీత ఈ చివరనుంచి ఆ చివరదాకా కళ్ళతో చూసుకుంటుంది. ఎక్కడైనా ఒక్క ఆకు కనపడితే, "ఇంకా లేదు," అంటుంది, మళ్ళీ ఊడుస్తారు. అంతా సరిపోయాకే గొంతెత్తి పిలుస్తుంది.

"అచ్చమ్మా! ఊడ్చాం, పడుకో!"

చుక్కి ఒక్కతే ఆ మాట ముందు అని, తర్వాత ఊడ్చింది. ఆ తర్వాత ఇన్ని తరాల్లో, మట్టి కనపడకుండా ఆ మాట అన్నవాళ్ళు ఒక్కరూ లేరు.